కాఫీ ఒలికిన నాలుగో రోజున మీటలు ఆగిపోతే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పాలు, చక్కెర కలిపిన కాఫీ సగం కప్పు ల్యాప్‌టాప్ కీబోర్డు మీద ఒలికింది. వెంటనే ఆపేశారు, బోర్లించారు, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టారు. మర్నాడు ఆన్ చేస్తే అన్నీ మామూలుగానే పనిచేశాయి. నాలుగో రోజు నుంచి 1, క్యూ, ఎ, జెడ్ మీటలు పలకడం మానేశాయి. ఎం నొక్కితే దానితోపాటు కామా కూడా పడుతోంది. మరమ్మతు చేసే వ్యక్తికి చూపిస్తే మదర్‌బోర్డు, అంటే లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు, పోయిందన్నారు. అది నిజమేనా, లేక మీరే శుభ్రం చేసుకుంటే సరిపోతుందా అని అడిగారు.

ముందుగా సూటి సమాధానం. మీరు చెప్పిన లక్షణాలు మదర్‌బోర్డువి కావు, దాదాపుగా కీబోర్డువే. అయితే ఆ కీబోర్డు శుభ్రం చేస్తే బాగుపడేది కాదు, మార్చాల్సిందే. మీరు శ్రమ పెట్టాల్సింది కీబోర్డు మీద కాదు. అడుగు మూత తెరిచి, బ్యాటరీ తీగ ఊడదీసి, కాఫీ కీబోర్డును దాటి కిందికి దిగిందో లేదో చూడాలి. దిగి ఉంటే దాన్ని కడగాలి. కొత్త కీబోర్డు ఎప్పుడైనా వేసుకోవచ్చు. కింద పట్టిన తుప్పు మాత్రం మీకోసం ఆగదు.

అంతకంటే ముందు ఇంకొక పని. ల్యాప్‌టాప్ ఇప్పటికీ ఆన్ అవుతోంది కాబట్టి, యూఎస్‌బీ కీబోర్డు ఒకటి తగిలించి ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. ఈ పని అయ్యాకే మిగతావి. మరమ్మతుకు వచ్చేవారు మొదట కీబోర్డు గురించే అడుగుతారు. మూడో రోజుకు యంత్రం పూర్తిగా ఆగిపోయాక ఫోటోలు, పత్రాల గురించి అడుగుతారు.

ఇక నాలుగు రోజులు ఆలస్యం ఎందుకైందో చెబుతాను, ఎందుకంటే రోగనిర్ధారణ సగం అందులోనే ఉంది.

కాఫీలోని నీరు ఆవిరై పోతుంది. చక్కెర, పాల కొవ్వు, లవణాలు అక్కడే ఉండిపోతాయి. ల్యాప్‌టాప్ కీబోర్డులో మీటల కింద మూడు పలుచని పాలియెస్టర్ పొరలు ఉంటాయి. పై పొర అడుగున, కింది పొర పైన వెండి కలిసిన సిరాతో సన్నని గీతలు అచ్చు వేసి ఉంటాయి. కరెంటు పారేది ఆ గీతల్లోనే. రెంటినీ విడదీస్తూ నడుమ ఉన్న పొరలో ప్రతి మీట కింద ఒక రంధ్రం ఉంటుంది. మీట నొక్కితే రబ్బరు బుడిపె వంగి, ఆ రంధ్రం గుండా పై గీత కింది గీతను తాకుతుంది. ఇంతకంటే పెద్ద యంత్రాంగం ఏమీ లేదు.

ఈ పొరలు అంచుల వెంట అతికించి ఉంటాయి. అంత సన్నని సందు దొరికితే ద్రవం ఎవరూ తోయకుండానే లోపలికి పాకుతుంది. ఒకసారి దూరాక బయటికి రాదు, గాలి అక్కడికి చేరదు. పైన మీటలు పొడిగా కనిపిస్తున్నా లోపల తేమ రోజుల తరబడి ఉంటుంది. ఆ స్థితిలో ఆన్ చేస్తే పక్కపక్క గీతల మధ్య వోల్టేజీ ఏర్పడుతుంది. తేమ, లవణాలు, వోల్టేజీ మూడూ కలిసినచోట విద్యుద్విశ్లేషణ మొదలవుతుంది. ఒక గీతలోని వెండి కరిగి పక్క గీత మీద పేరుకుంటూ, అక్కడి నుంచి కొమ్మలు కొమ్మలుగా వెనక్కి పెరుగుతూ వస్తుంది. కరిగిన గీత ఒకచోట తెగిపోతుంది. పెరిగిన కొమ్మ ఎదుటి గీతను తాకితే రెండు గీతలూ కలిసిపోతాయి.

మీ రెండు లక్షణాలనూ ఇప్పుడు చూడండి. నాలుగు మీటలు మూగబోవడం గీత తెగినందువల్ల. ఎం నొక్కితే కామా రావడం రెండు గీతలు కలిసినందువల్ల. వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తున్నా రెండూ ఒకే ప్రక్రియ చివరలు. మర్నాడు పనిచేయడం చూసి గండం గడిచిందనుకోవడం సహజమే, కానీ అసలు నష్టం ఆ ఆన్ చేసిన క్షణం నుంచే మొదలైంది.

మీటల పోకడను చదవడం

కీబోర్డులో ఒక్కో మీటకు ఒక్కో తీగ ఉండదు. అలా పెడితే కీబోర్డును మదర్‌బోర్డుకు కలిపే రిబ్బన్‌లో, అంటే ఆ పలుచని పట్టీ తీగలో, వంద తీగలు కావాలి. బదులుగా గళ్ల నుడికట్టులో లాగా అడ్డం, నిలువు ఉంటాయి. 8 అడ్డ గీతలు, 16 నిలువు గీతలు అనేది తరచుగా కనిపించే అమరిక. వాటికి 128 కూడళ్లు, కాబట్టి ల్యాప్‌టాప్ మీటలన్నింటికీ సరిపోగా మిగులుతాయి. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న కంట్రోలర్ చిప్ ఈ గీతలను ఒక్కొక్కటిగా, క్షణానికి ఎన్నోసార్లు తడిమి చూస్తూ ఎక్కడ కూడలి కలిసిందో కనిపెడుతుంది.

అందుకే చెడిపోయిన మీటల జాబితా చూడగానే గీత ఎక్కడ పోయిందో ఊహించవచ్చు. 1, క్యూ, ఎ, జెడ్ చాలా కీబోర్డుల్లో ఒకే నిలువు గీత మీద ఉంటాయి. నాలుగూ ఒకేసారి పోయాయంటే నాలుగు మీటలు విడివిడిగా చెడిపోలేదు, వాటి ఉమ్మడి గీత ఒకచోట తెగింది. ఎక్కువగా అది రిబ్బన్ బయలుదేరే చోటు దగ్గర తెగుతుంది, ఎందుకంటే గీతలన్నీ ఇరుకుగా చేరేది అక్కడే.

ఎం, కామాల సంగతి కూడా అంతే. మీరు గమనించి ఉండకపోవచ్చు, ఇప్పుడు జె, యు, 7 మీటలు నొక్కి చూడండి. జె తో కె, యు తో ఐ, 7 తో 8 కూడా పడితే ఆ రెండు నిలువు గీతలు ఎక్కడో అతుక్కున్నాయని ఖాయం. ఎం ఒక్కటే అలా చేస్తూ మిగతావి శుభ్రంగా ఉంటే, ఆ మీట కిందనే చక్కెర పాకం గట్టిపడి పక్క బుడిపెను కూడా లాగుతోందేమో చూడాలి. దానికి మీట టోపీ తీసి చూస్తే తెలిసిపోతుంది.

ఒక్క మీట మాత్రమే పలకకపోతే అది తేలికైన కేసు. టోపీ కింద, బుడిపె కింద చూడండి. అంతకంటే చెప్పేదేమీ లేదు.

ఏమీ నొక్కకుండానే అక్షరాలు పడుతుండటం అన్నింటికంటే తికమక పెడుతుంది. ఒక కూడలి ఎప్పుడూ కలిసే ఉంటే కంట్రోలర్‌కు ఆ మీట ఎవరో వదలకుండా నొక్కినట్టే ఉంటుంది. ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. ఈ రకం కీబోర్డుల్లో మీట మీటకూ డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) ఉండదు. కాబట్టి ఒక మీట అతుక్కుని ఉండగా మీరు మరో రెండు నొక్కితే, నాలుగో మీట కూడా నొక్కినట్టు భ్రమ కలిగే కలయికలు కొన్ని ఉన్నాయి. ఆ భ్రమను తప్పించడానికి కంట్రోలర్ కొన్ని నొక్కుళ్లను కావాలనే పట్టించుకోదు. అంటే చచ్చినట్టు కనిపించే మీట నిజానికి ఆరోగ్యంగానే ఉండి, ఎక్కడో దూరాన అతుక్కున్న మరో మీట దాని నోరు మూయించి ఉండవచ్చు. పలకని మీటలను వెతకడానికి ముందు ఎప్పుడూ పలుకుతున్న మీటను వెతకమని నేను చెప్పేది ఇందుకే.

ఆ ఎప్పుడూ పలికే మీట షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్, విండోస్ మీటల్లో ఒకటైతే తెర మీద అక్షరమేమీ పడదు కాబట్టి కీబోర్డు మీద అనుమానమే రాదు. లక్షణాలు వేరే వేషంలో వస్తాయి. మౌస్ చక్రం తిప్పితే పేజీ కదలకుండా అక్షరాలు పెద్దవీ చిన్నవీ అవుతుంటే కంట్రోల్ అతుక్కుంది. ఎల్ నొక్కగానే తెరకు తాళం పడినా, డి నొక్కగానే విండోలన్నీ దిగిపోయినా విండోస్ మీట అతుక్కుంది. ఎక్కడో ఒకచోట క్లిక్ చేస్తే మధ్యలో ఉన్నదంతా ఎంపికవుతుంటే షిఫ్ట్. కుడి షిఫ్ట్ మరీ మాయలమారిది. విండోస్‌లో దాన్ని 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఫిల్టర్ కీస్ అనే సదుపాయం ముందుకొస్తుంది. అది పనిలోకి దిగితే చిన్న నొక్కుళ్లను లెక్కచేయదు. దాంతో కీబోర్డు మొత్తం చచ్చిపోయిందనుకుంటారు. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపి చూడకుండా కీబోర్డు కొనకండి.

పాస్‌వర్డు మరిచిపోయానంటూ ఒకాయన ల్యాప్‌టాప్ తెచ్చారు. ఎన్నిసార్లు కొట్టినా తప్పంటోందట. అంతకు వారం ముందు నీళ్లు ఒలికిన సంగతి నేను అడిగితేనే చెప్పారు, దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఆయన అనుకోలేదు. పాస్‌వర్డు పెట్టెలో కంటి గుర్తు నొక్కి చూస్తే ప్రతి ‘ఓ’ పక్కనా ఒక ‘పి’ చేరుతోంది. బయటి కీబోర్డు పెట్టగానే తలుపు తెరుచుకుంది.

సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా అని తేల్చుకునే తీరు

ల్యాప్‌టాప్‌ను బయోస్ తెరలోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల తెరలోకి, తీసుకెళ్లండి. అక్కడ విండోస్ లేదు, డ్రైవర్లు లేవు, ఫిల్టర్ కీస్ లేవు. బాణం మీటలు అక్కడ కూడా వాటంతటవే కదులుతుంటే, అక్షరాలు పడే గడిలో అవే పొరపాట్లు జరుగుతుంటే అది హార్డ్‌వేరే. తర్వాత విండోస్‌లోకి వచ్చి తెర మీది కీబోర్డును తెరవండి. మీరు నొక్కిన మీట అందులో వెలుగుతుంది, మీరు నొక్కనిది వెలుగుతూ ఉంటే అదే దొంగ. మ్యాక్‌లో కీబోర్డ్ వ్యూయర్, లినక్స్‌లో ఈవ్‌టెస్ట్ అదే పని చేస్తాయి. అన్ని మీటలూ వరుసగా నొక్కుతూ ఏది పలికింది, ఏది పలకలేదు, ఏది జంటగా పలికింది అని ఒక కాగితం మీద కీబోర్డు బొమ్మ గీసి గుర్తు పెట్టుకోండి. రేపు అదే పరీక్ష మళ్లీ చేయండి. జాబితా పెరుగుతుంటే తుప్పు ఇంకా నడుస్తోందన్నమాట.

చివరి తీర్పు మాత్రం రిబ్బన్ ఊడదీయడంతోనే వస్తుంది. ల్యాప్‌టాప్ తెరిచి, బ్యాటరీ విడదీసి, కీబోర్డు రిబ్బన్‌ను మదర్‌బోర్డు నుంచి తీసేయండి. బ్యాటరీ తిరిగి తగిలించి, బయటి కీబోర్డుతో ఒకటి రెండు రోజులు వాడండి. దొంగ నొక్కుళ్లు ఆగిపోతే, మిగతా యంత్రమంతా సవ్యంగా నడిస్తే తప్పు కీబోర్డుదే. రిబ్బన్ లేకపోయినా అవే పిచ్చి చేష్టలు కొనసాగితే అప్పుడు మదర్‌బోర్డును అనుమానించాలి. మీకు మదర్‌బోర్డు పోయిందని చెప్పిన వ్యక్తి ఈ పరీక్ష చేశారా అని అడగండి. చేయకపోతే ఆ మాటకు విలువ లేదు. మదర్‌బోర్డు దెబ్బతింటే ఛార్జింగ్ ఎక్కకపోవడం, దానంతటదే ఆగిపోవడం, యూఎస్‌బీ పోర్టులు పలకకపోవడం, తెర వెలగకపోవడం వంటివి కనిపిస్తాయి. మీరు వాటిలో ఒక్కటీ రాయలేదు.

ఇక్కడొక హెచ్చరిక. కొన్ని మోడళ్లలో పవర్ బటన్ కూడా కీబోర్డులోనే, అదే రిబ్బన్ మీద ఉంటుంది. రిబ్బన్ తీస్తే ఆన్ చేసే దారి ఉండదు. ఛార్జర్ పెట్టగానే ఆన్ అయ్యే ఏర్పాటు బయోస్‌లో ఉందేమో ముందే చూసి పెట్టుకోండి. ఇలాంటి మోడళ్లలో కీబోర్డు లోపల పవర్ గీత షార్ట్ అయి, ల్యాప్‌టాప్ దానంతటదే ఆన్ అవడమో, అసలు ఆన్ కాకపోవడమో జరిగి, మదర్‌బోర్డు పోయిందనే తప్పుడు తీర్పు చాలా తరచుగా పడుతుంది.

కింద ఏముందో చూడటం

నేను ఎక్కువ సమయం ఇచ్చేది దీనికే. అయితే వారంటీ నడుస్తుంటే, ముఖ్యంగా ప్రమాదవశాత్తు జరిగే నష్టానికి మీరు అదనపు రక్షణ కొని ఉంటే, తెరవకుండా కంపెనీ వారికే ఇవ్వండి. మామూలు వారంటీ ద్రవం ఒలకడాన్ని సాధారణంగా ఒప్పుకోదు. చాలా యంత్రాల్లో తడి తగిలితే ఎర్రబడే చిన్న తెల్ల స్టిక్కర్లు ఉంటాయి కాబట్టి దాచినా దాగదు.

తెరిచే పక్షంలో ఛార్జర్ తీసి, పూర్తిగా షట్‌డౌన్ చేయండి, మూత వేసి నిద్రపుచ్చడం కాదు. అడుగు స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు, ఏ రంధ్రంలోది ఆ చోటే గుర్తుండేలా కాగితం మీద గుచ్చి పెట్టుకోండి. పొడవు స్క్రూను పొట్టి రంధ్రంలో బిగిస్తే పై భాగం ఉబ్బుతుంది, ఒక్కోసారి బోర్డే పగులుతుంది. మూత రాగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ తీయాలి. ల్యాప్‌టాప్ ఆపేసినా బ్యాటరీ తగిలి ఉన్నంతసేపూ బోర్డు మీద కొన్ని భాగాలకు 3.3 వోల్టులో, 5 వోల్టులో నిరంతరం అందుతూనే ఉంటాయి. పవర్ బటన్ నొక్కితే యంత్రం మేలుకోవడం దాని వల్లే. తడి బోర్డు మీద తుప్పును పెంచేదీ అదే. ఆపేశాను కదా అని నిశ్చింతగా ఉన్నవారి బోర్డులే ఎక్కువ పాడవుతాయి.

బ్యాటరీ ఉబ్బినట్టు ఉన్నా, తడి జాడ ఉన్నా, తియ్యటి రసాయన వాసన వస్తున్నా అక్కడితో ఆపేయండి. ఛార్జింగ్ పెట్టవద్దు, గుచ్చవద్దు, వంచవద్దు. దాన్ని తెలిసినవారికి అప్పగించాలి.

తర్వాత మంచి వెలుతురులో, ఏటవాలుగా చూడండి. కీబోర్డు రిబ్బన్ కనెక్టర్, టచ్‌ప్యాడ్ తీగ, కాఫీ పడిన చోటుకు సరిగ్గా కింద ఉన్న భాగం, స్క్రూ రంధ్రాల చుట్టూ చూడాలి. గోధుమరంగు మరకలు కాఫీవి. తెల్లని పొడి, ఆకుపచ్చ, నీలం కలిసిన పొక్కులు తుప్పు. ఏమీ కనిపించకపోతే మీరు అదృష్టవంతులే. చాలా కీబోర్డుల అడుగున ఉండే లోహపు పలక చిన్న ఒలుకుడును ఆపేస్తుంది. కొన్ని థింక్‌ప్యాడ్ మోడళ్లలో అయితే నీటిని పక్కకు మళ్లించి అడుగు నుంచి కారిపోయేలా చేసే రంధ్రాలే ఉన్నాయి.

శుభ్రం చేయడంలో అందరూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంటారు. సరైనదే, కానీ సగమే. చక్కెర ఆల్కహాల్‌లో సరిగా కరగదు, నీటిలో కరుగుతుంది. ఎండిన కాఫీ మీద 99 శాతం ఆల్కహాల్ ఎంత రుద్దినా జిగట పలుచబడి పక్కకు జరుగుతుంది తప్ప పోదు. కాబట్టి బ్యాటరీ తీసేసి ఉండగా, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తని బ్రష్‌తో మరకను ముందు కరిగించి దూదితో అద్ది తీయాలి. ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడిస్తే మిగిలిన నీటిని కూడా తీసుకుని త్వరగా ఆవిరవుతుంది. కుళాయి నీరు వద్దు, దానిలోని లవణాలు ఉన్న సమస్యకు తోడవుతాయి. ఆల్కహాల్ మండే పదార్థం, కిటికీలు తెరిచి, మంటకు దూరంగా చేయండి. తెర అంచుల్లోకి, స్పీకర్ల మీదికి పోనివ్వకండి. అసిటోన్ జోలికి వెళ్లకండి, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. తలుపుల కీచుమనే మోత పోగొట్టే స్ప్రేలు కూడా వద్దు, అవి నూనె పొర వదులుతాయి. తుడిచాక కనీసం ఒక రోజు తెరిచే ఉంచి, తర్వాతే బ్యాటరీ తగిలించండి.

చిప్పుల కింద చేరిన ద్రవాన్ని బ్రష్ అందుకోలేదు. ఆకుపచ్చ పొక్కులు చిప్పు అంచుల నుంచి తొంగిచూస్తుంటే బోర్డును విప్పి, అల్ట్రాసోనిక్ తొట్టిలో (ధ్వని ప్రకంపనలతో మురికి వదిలించే తొట్టి) కడిగే వసతి ఉన్నవారి దగ్గరికి వెళ్లాలి. అది ఇంటి పని కాదు.

బియ్యంలో పెట్టడం గురించి అడగబోతున్నారని తెలుసు. బియ్యం చక్కెరను తీయదు, పిండి దుమ్మును మాత్రం పోర్టుల్లోకి పంపుతుంది. హెయిర్ డ్రయర్ వేడికి చక్కెర పాకంలా గట్టిపడుతుంది, మీటల సన్నని ప్లాస్టిక్ పటకాలు వంకరపోతాయి. ఫ్యాన్ గాలి చాలు.

నీళ్లే కదా, కాఫీ కాదు కదా అని తేలిగ్గా తీసుకునేవారికి ఒక ఉదాహరణ. ఒకరి ల్యాప్‌టాప్ మీద మామూలు తాగునీరు పడింది. కీబోర్డు ఒక్క అక్షరం కూడా తడబడలేదు, అందుకే తెరవలేదు. కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం ఆన్ కాలేదు. చూస్తే ఛార్జింగ్ చిప్ పక్కన కెపాసిటర్లు అనే చిన్న భాగాల కాళ్లు పచ్చగా తినేయబడి ఉన్నాయి. కీబోర్డు మాత్రం ఇంకా బాగానే ఉంది! ఇంకొకరిది దీనికి పూర్తిగా తలకిందులు. చక్కెర దండిగా ఉన్న టీ నిండు కప్పు ఒలికి, మీటల్లో మూడోవంతు బిగుసుకుపోయాయి. ఆమె ఆశ వదిలేసి వచ్చారు. లోపల లోహపు పలక అంచున కట్టిన టీ తప్ప బోర్డు మీద చుక్క లేదు. కీబోర్డు మార్చి ఇచ్చాను, ఆ యంత్రం ఇప్పటికీ నడుస్తోంది. మీటలు ఎంత చెడ్డాయనే దాన్ని బట్టి లోపల ఎంత చెడిందో చెప్పలేమని నేను పట్టుబట్టేది ఇలాంటివి చూశాకే.

కీబోర్డును ఎందుకు బాగుచేయకూడదంటే

చేయవచ్చు, అసాధ్యమేమీ కాదు. పొరలు విడదీసి, కడిగి, తెగిన గీత మీద వెండి పెయింటు సన్నగా పూసి, మళ్లీ అతికించవచ్చు. మల్టీమీటర్‌తో గీత పొడవునా కొలుస్తూ పోతే తెగిన చోటు దొరుకుతుంది కూడా. కానీ పొరలు విడదీసేటప్పుడే మంచి గీతలు కొన్ని లేచిపోతాయి. తిరిగి అతికించినప్పుడు వెంట్రుకవాసి జరిగితే కూడళ్లు కలవవు. పాత మోడల్ అయి కీబోర్డు ఎక్కడా దొరకనప్పుడు మాత్రమే నేను ఆ పనికి పూనుకుంటాను, అది కూడా హామీ ఇవ్వకుండా.

ఒకటి రెండు మీటలు జిగటగా ఉండి, పలుకుతూ ఉంటే మాత్రం శుభ్రం చేయడం మంచిదే. టోపీని ఒక మూల నుంచి నెమ్మదిగా పైకెత్తండి. ఏ వైపు నుంచి లేవాలో మోడల్‌ను బట్టి మారుతుంది, ముందు ఎఫ్1, ఎఫ్2 లాంటి మీటలుండే పై వరుసలో పెద్దగా వాడని మీట మీద ప్రయత్నించి చూసుకోండి. స్పేస్‌బార్, ఎంటర్, షిఫ్ట్ కింద సన్నని ఇనుప కడ్డీలు ఉంటాయి, వాటిని లాగకుండా కొక్కేల నుంచి తప్పించాలి. 2015 నుంచి 2019 వరకు వచ్చిన మ్యాక్‌బుక్‌లలోని బటర్‌ఫ్లై మీటలైతే ముట్టుకోకండి. వాటి పటకాలు విరిగితే మళ్లీ నిలబెట్టడం కష్టం.

కొత్తది ఎంచుకోవడం, వేయడం

ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి కొనకండి. ఒకే మోడల్‌లో వేర్వేరు కీబోర్డులు వస్తాయి. పాత కీబోర్డు వెనక స్టిక్కర్ మీద ఉన్న పార్టు నంబరే ఆధారం. దానితోపాటు ఎంటర్ మీట ఆకారం, వెలిగే కీబోర్డైతే దాని రెండో చిన్న రిబ్బన్, పవర్ బటన్ ఉందా లేదా, రిబ్బన్ ఏ చోటు నుంచి బయలుదేరుతోంది అనేవి ఫోటోతో సరిపోల్చుకోండి.

బిగింపులో రెండు రకాలు. స్క్రూలతో పైనుంచి వచ్చే కీబోర్డైతే పని చిటికెలో అయిపోతుంది. ఇప్పటి పలుచని ల్యాప్‌టాప్‌లలో మాత్రం కీబోర్డును చేతులు ఆనే పై చట్రానికి కరిగించిన ప్లాస్టిక్ రివెట్లతో అతికిస్తారు. దాన్ని తీయాలంటే మదర్‌బోర్డుతో సహా అన్నీ విప్పి, ఆ రివెట్లను ఒక్కొక్కటే చెక్కి, కొత్తది పెట్టాక సోల్డరింగ్ ఐరన్‌తో మళ్లీ కరిగించాలి. నడుమ రివెట్లు సరిగా కూర్చోకపోతే టైపు చేసేటప్పుడు కీబోర్డు మధ్యలో పరుపులా దిగుతుంది. అందుకే మరమ్మతు చేసేవారు సీ కవర్ అనే ఆ చట్రం, కీబోర్డు కలిసి ఒకే భాగంగా దొరికితే అదే తీసుకోండి. ధర ఎక్కువే, కానీ పని గట్టిగా నిలుస్తుంది. చట్రం దొరక్క రివెట్ల పని చేయించాల్సివస్తే, ఎన్ని రివెట్లు తిరిగి వేస్తారో ముందే అడగండి. నాలుగు మూలలా జిగురు పెట్టి పంపేవారూ ఉన్నారు.

రిబ్బన్ తీసేటప్పుడు లాగకండి. కనెక్టర్ మీద నల్లగానో గోధుమరంగులోనో ఉండే చిన్న రెక్కను గోటితో పైకి లేపితే రిబ్బన్ దానంతటదే వదులవుతుంది. కొన్నింటిలో రెక్క లేవదు, రెండు చెవులు ముందుకు జరుగుతాయి. ఏ రకమో చూడకుండా బలం ఉపయోగిస్తే రెక్క విరుగుతుంది. ఆ చిన్న ముక్క కోసం మొత్తం కనెక్టర్‌ను మార్చాల్సి వస్తుంది. కొత్త రిబ్బన్ వంకర లేకుండా, గుర్తు గీత వరకు లోపలికి వెళ్లిందో చూసి రెక్క మూయండి. ఇదంతా బ్యాటరీ తీసి ఉండగానే. మీటలను వెలిగించే తీగలకు కరెంటు ఉన్నప్పుడు రిబ్బన్ పక్కకు జరిగి కూర్చుంటే బోర్డు మీది ఫ్యూజు పోతుంది.

బిగించే ముందే, పాత కీబోర్డు స్థానంలో కొత్తదాన్ని ఊరికే తగిలించి అన్ని మీటలూ పరీక్షించే వీలుంటే తప్పక చేయండి. రివెట్లు కరిగించాక తప్పు తెలిస్తే పనంతా మొదటికొస్తుంది.

కొత్త కీబోర్డు వేశాక కూడా అదే 1, క్యూ, ఎ, జెడ్ పలకకపోతే? అరుదే కానీ జరుగుతుంది. అప్పుడు లోపం కనెక్టర్‌లోనో, దాని వెనక కంట్రోలర్ చిప్‌కు వెళ్లే దారిలోనో ఉంటుంది. ఒక ల్యాప్‌టాప్‌కు వేరేచోట వరుసగా రెండు కీబోర్డులు మార్చి, రెండూ చెడ్డవే వచ్చాయని చెప్పి పంపారు. నా దగ్గరికి వచ్చినప్పుడు కనెక్టర్‌లో ఒక పిన్ను మీద గోధుమరంగు పొర కనిపించింది. భూతద్దం కింద తడి దూది పుల్లతో తుడిచి, ఆల్కహాల్ పెట్టగానే మొదటి కీబోర్డే పూర్తిగా పనిచేసింది. కాబట్టి కొత్తదాన్ని తిప్పి పంపే ముందు కనెక్టర్ పిన్నులను, రిబ్బన్ కొసన ఉన్న మెరిసే పట్టీలను చూడండి. పట్టీల్లో ఒకటి నల్లబడి ఉంటే దారి తెలిసినట్టే.

కనెక్టర్ శుభ్రంగా ఉండి, రెండో కీబోర్డుతోనూ అదే గీత చచ్చి ఉంటే కంట్రోలర్ చిప్ కాలు పోయి ఉండవచ్చు. ఆ చిప్ మార్చేటప్పుడు దానిలో ఆ మోడల్‌కు తగిన ఫర్మ్‌వేర్ (చిప్‌ను నడిపే లోపలి ప్రోగ్రామ్) కూడా ఉండాలి, కాబట్టి చిప్ స్థాయిలో పనిచేసే నిపుణులే చేయగలరు. పాత యంత్రమైతే నేనైతే ఆ ఖర్చు పెట్టను. లోపలి రిబ్బన్ తీసేసి, బ్యాటరీ, బోర్డు బాగున్నంతకాలం బయటి కీబోర్డుతో వాడుకుంటాను.